ఆ ఒక్క లైను దగ్గర ఆగాలంటే: సున్నా నుంచి బ్లాక్‌చెయిన్ డెవలపర్ దాకా, నలుగురితో కలిసి

2018 ఏప్రిల్ 22న బ్యూటీచెయిన్ అనే క్రిప్టో టోకెన్ విలువ చూస్తుండగానే దాదాపు సున్నాకి పడిపోయింది. ఎవరి పాస్‌వర్డూ పోలేదు, ఏ సర్వర్‌లోకీ ఎవరూ చొరబడలేదు. కారణం ఆ టోకెన్ కోడ్‌లో ఉన్న ఒక్క గుణకారం.

ఒకేసారి పలువురికి టోకెన్లు పంపడానికి రాసిన ఫంక్షన్ అది. ఎంతమందికి పంపాలి, ఒక్కొక్కరికి ఎంత పంపాలి అనే రెండు అంకెలు తీసుకుని గుణిస్తుంది. వచ్చిన మొత్తం పంపేవాడి ఖాతాలో ఉందో లేదో చూస్తుంది. ఉంటే పంపుతుంది. చదివితే వంక పెట్టడానికి ఏమీ కనిపించదు. కానీ ఆ జవాబు దాచుకునే గడికి ఒక హద్దు ఉంది. 256 బిట్లు పట్టే ఆ గడిలో 78 అంకెల సంఖ్య దాకా పడుతుంది, ఆపైన పట్టదు. పాత బైకు మీటరు 99,999 కిలోమీటర్లు దాటగానే మళ్లీ సున్నాల దగ్గరికి వచ్చినట్టే, ఇదీ హద్దు దాటగానే సున్నాకి తిరుగుతుంది. దాడి చేసినవాడు ఆ హద్దులో సరిగ్గా సగాన్ని, అంటే 2ని 255 సార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్యని, ఇద్దరికి పంపమన్నాడు. రెండుతో గుణించగానే మీటరు తిరిగింది, మొత్తం సున్నా అయింది. సున్నా టోకెన్లు నీ ఖాతాలో ఉన్నాయా అని కోడ్ చూసుకుంది. సున్నా ఎవరి దగ్గరైనా ఉంటుంది కదా. ఇద్దరి ఖాతాల్లోనూ 77 అంకెల పొడవున టోకెన్లు పడ్డాయి.

నన్ను బాధపెట్టే సంగతి ఇంకొకటి. దాని కింది లైన్లలో కూడికకీ తీసివేతకీ రాసినవాళ్లు రక్షణ పెట్టుకున్నారు. గుణకారం ఒక్కదానికే మరిచిపోయారు. పక్కన కూర్చున్నవాళ్లు ఎవరైనా ఆ లైను గట్టిగా చదివి, 'ఇది మరీ పెద్దదైతే?' అని అడిగి ఉంటే సరిపోయేది.

బ్లాక్‌చెయిన్ డెవలపర్ అవుదామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ కోర్సు చేరాలని. అలాంటి ఒక లైను దగ్గర ఆగగలగడమే ఈ వృత్తిలో అసలు పని అని నా నమ్మకం. దానికి ప్రోగ్రామింగ్ మొదళ్లు గట్టిగా ఉండాలి, మీ కోడ్ చదివే రెండో మనిషి ఉండాలి. మొదటిది చాలామంది తొందరలో దాటేస్తారు. రెండోది లేకపోతే ఏం పోతుందో ఒంటరిగా నేర్చుకునేవాళ్లకి తెలిసే అవకాశమే లేదు.

డ్వాక్రా పుస్తకం

మా అమ్మ ఉన్న డ్వాక్రా సంఘం మీటింగులో పుస్తకం రాసే ఆవిడ ప్రతి పద్దూ గట్టిగా చదివేది. ఎవరు పొదుపు ఎంత కట్టారు, ఎవరి అప్పులో ఎంత తీరింది. చదివిందే ఒక్కొక్కరి పాస్‌బుక్కులోనూ ఎక్కేది. తర్వాత ఎవరైనా పెద్ద పుస్తకంలో ఒక అంకె దిద్దినా, పాస్‌బుక్కులు బయటికి తీస్తే దొరికిపోతారు. ప్రతి పేజీ పైన వెనక పేజీ మొత్తం రాసుకుంటూ వస్తారు కాబట్టి ఎప్పుడో రాసిన పేజీలో అంకె మారిస్తే ఆ తర్వాతి పేజీలన్నీ తప్పుతాయి.

బ్లాక్‌చెయిన్‌లో జరిగేది దాదాపు ఇదే. పేజీ అంటే బ్లాక్. వెనక పేజీ మొత్తం ఉండాల్సిన చోట హ్యాష్ ఉంటుంది. పేజీలో ఉన్న ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని తయారుచేసిన ముద్ర అది. బిట్‌కాయిన్ వాడే షా-256 పద్ధతిలో ఈ ముద్ర ఎప్పుడూ 64 అక్షరాల పొడవే. పేజీలో ఒక కామా మారినా ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఈ ఊహ బిట్‌కాయిన్ కన్నా పాతది. పత్రాల తేదీలు ఎవరూ మార్చకుండా ఇలా ముద్రల గొలుసు కట్టవచ్చని స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెటా 1991లోనే రాశారు. 1995 నుంచి ఆ ముద్రని వారానికోసారి న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న ప్రకటనగా అచ్చువేయించారు. ప్రతి పాఠకుడి ఇంట్లోనూ ఒక నకలు ఉన్నట్టే లెక్క.

సంఘానికీ బ్లాక్‌చెయిన్‌కీ పోలిక ఒక చోట తెగుతుంది. సంఘంలో అందరూ ఒకరికొకరు తెలుసు, ఒకే వీధి. బ్లాక్‌చెయిన్‌లో ముఖాలు తెలియనివాళ్లు దేశదేశాల్లో వేల కంప్యూటర్ల మీద అదే పుస్తకం ఉంచుకుంటారు, పెద్దమనిషి ఎవరూ ఉండరు. తర్వాతి పేజీ ఎవరు రాయాలో ఎలా తేలుతుంది? 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో వచ్చిన పత్రం దీనికే జవాబు చెప్పింది. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదటి బ్లాక్ పుట్టింది. తర్వాత 2015 జులై 30న మొదలైన ఎథీరియం అనే మరో బ్లాక్‌చెయిన్, పుస్తకంలో పద్దులతో పాటు నిబంధనలని కూడా కోడ్‌గా రాసుకోవచ్చని చూపించింది. 'ఐదో తారీఖు దాటితే ఇంత జరిమానా' అన్న నిబంధనని మనిషి గుర్తుచేయాల్సిన పని లేదు, పుస్తకమే అమలు చేస్తుంది. దాన్నే స్మార్ట్ కాంట్రాక్ట్ అంటున్నారు. మనకి తెలిసిన చోటికే వస్తే, తెలంగాణలో చిట్‌ఫండ్ కంపెనీల మీద నిఘాకి రిజిస్ట్రేషన్ల శాఖ తెచ్చిన టీ-చిట్స్ కూడా బ్లాక్‌చెయిన్ మీద కట్టిందే.

అలాంటి చిట్టీ యాప్ ఒకటి మీరే కడుతున్నారనుకోండి. సభ్యులు చూసే పేజీ కావాలి, మెసేజ్‌లు పంపే సర్వర్ కావాలి, ఫొటోలూ చిరునామాలూ దాచే డేటాబేస్ కావాలి, ఇవన్నీ సరిగా పనిచేస్తున్నాయో చూసే టెస్టులు కావాలి. స్మార్ట్ కాంట్రాక్ట్ అందులో రెండు వందల లైన్లు ఉంటే గొప్ప. మిగిలినదంతా మామూలు ప్రోగ్రామింగే. అందుకే లూప్ అంటే తెలియనివాళ్లకి ఆరు వారాల్లో బ్లాక్‌చెయిన్ నేర్పుతామనే ప్రకటన చూస్తే నాకు కోపం వస్తుంది. మా బృందంలో ఒకరు అలాంటి శిక్షణకి డబ్బు కట్టి, జిరాక్సు నోట్సు కట్ట తప్ప ఏమీ చేతికి రాక, ఇక తన వల్ల కాదనే అనుకున్నారు. తప్పు ఆయనది కాదు, పాఠం మొదలుపెట్టిన చోటుది.

ముందు పైథాన్, తర్వాత మిగతావి

మొదటి భాష ఏదన్నదాని మీద వాదనలు నడుస్తూనే ఉంటాయి. నేనైతే పైథాన్ అంటాను. రోజుకో గంట చొప్పున మూడు నెలలు దానికే ఇవ్వండి. వేరియబుల్, షరతు, లూప్, ఫంక్షన్, లిస్టు, డిక్షనరీ, ఫైల్ చదవడం, ఎర్రర్ వస్తే ఆ ఎర్రర్‌ని చివరిదాకా చదవడం. ఈ చివరిది ఎవరూ పాఠంగా చెప్పరు. ఎర్ర అక్షరాలు కనిపించగానే కిటికీ మూసేసే అలవాటు పోతే సగం ప్రోగ్రామింగ్ వచ్చినట్టే. మూడు నెలలయ్యాక పరీక్ష ఇది: ఇరవై మంది, ఇరవై నెలల చిట్టీ లెక్క, పాట పాడినవారికి ఎంత, మిగిలినవారికి డివిడెండ్ ఎంత, ఎవరినీ అడగకుండా రాయగలగాలి.

దాంతోపాటే గిట్. నలుగురు ఒకే కోడ్ మీద పనిచేయాలంటే ఎవరు ఏం మార్చారో చెప్పే పుస్తకం అది, మొదటి నెలలోనే పట్టుకోండి.

ఇక్కడే, ఇంకా క్రిప్టో జోలికి వెళ్లకముందే, ఒక చిన్న బొమ్మ బ్లాక్‌చెయిన్ రాయమంటాను. పైథాన్‌లో యాభై అరవై లైన్లు చాలు. ఒక్కో బ్లాక్‌లో వరస సంఖ్య, ఏదో ఒక పద్దు, వెనక బ్లాక్ హ్యాష్, ఖాళీగా ఒక అంకె. ఐదు బ్లాక్‌లు కట్టి, రెండో బ్లాక్‌లో 500ని 5,000గా దిద్దండి. మూడు నుంచి ఐదు దాకా అన్నీ తప్పని మీ ప్రోగ్రామే చెబుతుంది. ఆ తర్వాత హ్యాష్ నాలుగు సున్నాలతో మొదలవ్వాలని నిబంధన పెట్టండి. అలా వచ్చేదాకా ఖాళీగా ఉంచిన అంకెని ఒకటి, రెండు, మూడు అని మారుస్తూ పోవాలి. సగటున 65,536 ప్రయత్నాలు పడతాయి, కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. ఐదు సున్నాలంటే పదహారు రెట్లు, పదిన్నర లక్షలు. ఆరంటే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు. అప్పుడు ల్యాప్‌టాప్ ఫ్యాన్ చప్పుడు మొదలవుతుంది. ఈ అంకె ముందుగా దొరికినవాళ్లే తర్వాతి పేజీ రాయాలన్నది సతోషి చెప్పిన జవాబు, ఆ వెతుకులాటే మైనింగ్. బిట్‌కాయిన్ మైనింగ్‌కి అంత కరెంటు ఎందుకో ఆ చప్పుడు విన్నాక ఎవరూ వివరించక్కర్లేదు. ఎథీరియం 2022 సెప్టెంబరు 15న ఈ పద్ధతి వదిలేసి, డిపాజిట్ కట్టినవాళ్లే బ్లాక్‌లు రాసే పద్ధతికి మారింది. ఎందుకు మారారో కూడా ఆ ఫ్యాన్ చప్పుడులోనే ఉంది.

తర్వాత జావాస్క్రిప్ట్, వెబ్ పేజీలు. ఆ తర్వాతే సాలిడిటీ, అంటే ఎథీరియం స్మార్ట్ కాంట్రాక్టులు రాసే భాష. సాలిడిటీ రాసి నడిపి చూసే రీమిక్స్ అనే పనిముట్టు బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి మొదలుపెట్టడానికి ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. కాస్త చెయ్యి తిరిగాక ఫౌండ్రీ, హార్డ్‌హ్యాట్ అనే పనిముట్లలో ఏదో ఒకటి తీసుకుని టెస్టులు రాయడం నేర్చుకోవాలి. ఎథీరియం నాణెం పేరు ఈథర్. సెపోలియా అనే టెస్ట్‌నెట్ మీద, అంటే అభ్యాసానికి ఉంచిన చెయిన్ మీద, విలువ లేని ఈథర్‌తో కాంట్రాక్ట్‌ని ఎన్నిసార్లయినా డిప్లాయ్ చేసుకోవచ్చు, అంటే చెయిన్ మీద పెట్టి నడపవచ్చు.

పైథాన్ నుంచి వచ్చినవాళ్లు సాలిడిటీలో కొన్ని అలవాట్లు వదులుకోవాలి. ఇక్కడ ప్రతి లెక్కకీ రుసుము ఉంది, దాన్ని గ్యాస్‌లో కొలుస్తారు. ఒకరి నుంచి ఒకరికి ఈథర్ పంపే అతి మామూలు పనికి 21,000 గ్యాస్. కాంట్రాక్ట్‌లో ఖాళీగా ఉన్న గడిలో ఒక విలువ రాసి శాశ్వతంగా దాచాలంటే అదొక్కటే 20,000కి పైన. పైథాన్‌లో అలవోకగా రాసిన లూప్ ఇక్కడ జనం జేబులోంచి డబ్బు తీస్తుంది. 'ప్రైవేట్' అని రాసిన వేరియబుల్ కూడా రహస్యం కాదు, చెయిన్ మీద ఉన్నది ఎవరైనా చదవగలరు.

ఇంకొకటి, దశాంశాలు లేవు. ఈథర్‌లో అతి చిన్న ముక్కని 'వెయ్' (wei) అంటారు. ఒక ఈథర్ అంటే 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని వెయ్‌లు, లెక్కంతా వెయ్‌లలోనే. 5ని 2తో భాగిస్తే 2 వస్తుంది, అర ఎటో పోతుంది. మా బృందంలో ప్రోగ్రామింగ్ అసలు తెలియకుండా వచ్చిన ఒక అక్క ఉంది. బీకాం చదివి పదేళ్లు అకౌంట్స్ చూసినావిడ. నూరుని ముగ్గురికి పంచే కోడ్ తెరమీద పెడితే, మేమందరం సింటాక్స్ చూస్తుంటే, ఆవిడ అడిగింది: "ముప్పై మూడు మూళ్లు తొంభై తొమ్మిది. ఆ మిగిలిన ఒకటి ఎవరి ఖాతాలో రాశారు?" ఎవరి ఖాతాలోనూ రాయలేదు. అది కాంట్రాక్ట్‌లోనే ఇరుక్కుపోతుంది, తీసే దారి ముందే రాయకపోతే ఎప్పటికీ రాదు. మాలో ఇంజినీరింగ్ చదివినవాళ్లు ముగ్గురం ఉన్నాం. ఆ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు.

నలుగురూ ఏం చేయాలి

కలిసి నేర్చుకోవడమంటే వాట్సాప్ గ్రూపు పెట్టి వీడియోల లింకులు పంపుకోవడంగా మొదలవుతుంది, మూడో వారానికి అందులో పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ మిగలవు. మాదీ మొదటిసారి అలాగే ఆగిపోయింది. రెండోసారి వారానికి ఒకే పూట పెట్టుకున్నాం: ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. డల్లాస్‌లో ఉన్న స్నేహితురాలికి వేసవిలో అది శనివారం రాత్రి పది. రాలేకపోతే ముందురోజు చెప్పాలి. అంతకు మించి నియమాలు పెట్టుకోలేదు.

ఆ పూట కొత్త పాఠం వినం. పాఠాలు ఎవరికి వారు వారంలో చూసుకోవచ్చు, దానికి నలుగురు అక్కర్లేదు. ఎన్‌పీటెల్‌లో బ్లాక్‌చెయిన్ మీద ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, సాలిడిటీకి క్రిప్టోజాంబీస్ అనే సైట్ ఉంది. కలిసి కూర్చున్నప్పుడు చేసేది చదవడం. ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు గట్టిగా, లైను లైనుగా, తెలుగులో చెప్పాలి. రాసినవాళ్లు నోరు మెదపకూడదు. ఇది చాలా కష్టం. చదివేవాళ్లు ఎక్కడైనా తడబడితే అక్కడ పేరు సరిగా పెట్టలేదనో, ఫంక్షన్ మరీ పొడవైందనో, లేక నిజంగానే తప్పుందనో తెలుస్తుంది. తెలుగులో అనడం మీద నాకు పట్టుదల ఉంది. 'ఇది మ్యాపింగ్‌ని ఇటరేట్ చేస్తుంది' అని చదివేస్తే అర్థమైందో లేదో తెలియదు. 'ఒక్కొక్కరి పేరూ తీసి, వాళ్ల ఖాతాలో ఎంతుందో చూస్తోంది' అంటే అర్థమైనట్టే. అలా చెప్పబోయినప్పుడే, మ్యాపింగ్‌లో (పేరు చెబితే విలువ ఇచ్చే పట్టికలో) పేర్ల జాబితా ఉండదనీ, ఇలా ఒక్కొక్కటీ తీయడం సాలిడిటీలో కుదరదనీ బయటపడుతుంది.

బ్యూటీచెయిన్ కోడ్‌ని అలాగే చదివాం. సాలిడిటీ 0.8 వెర్షన్ 2020 డిసెంబరులో వచ్చాక ఇలాంటి గుణకారం హద్దు దాటితే లావాదేవీయే ఆగిపోతుంది. కాబట్టి ఆ తప్పు అచ్చంగా మళ్లీ జరగడం అరుదు. అయినా చదవాలి. ఆ ఫంక్షన్‌లో తప్పు ఉందని చెప్పకుండా ఇస్తే పట్టుకోవడానికి మాకు నలభై నిమిషాలు పట్టింది.

బృందంలో వచ్చే పెద్ద చిక్కు తెలిసినవాడే. ఎవరో ఒకరికి ముందే కాస్త వచ్చి ఉంటుంది, కీబోర్డు వాళ్ల చేతికే పోతుంది, మిగిలినవాళ్లు తలూపుతారు. మా దగ్గర ఆ మనిషిని నేనే. కీబోర్డు అందరికన్నా తక్కువ తెలిసినవాళ్ల దగ్గరే ఉండాలని డల్లాస్ స్నేహితురాలు అంది. మొదట్లో వేగం సగానికి పడిపోయింది. రెండు నెలలకి ఎవరూ తలూపడం లేదు, అడుగుతున్నారు.

తాళంచెవులు, ఉద్యోగాలు

వాలెట్ అంటే క్రిప్టో ఖాతా తాళంచెవులు దాచే యాప్. నేర్చుకునే వాలెట్ వేరు, సొంత డబ్బున్న వాలెట్ వేరు. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉండకపోతే మరీ మంచిది. వాలెట్ ఇచ్చే 12 పదాలు ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లది, ఫిర్యాదు చేయడానికి బ్యాంకు మేనేజరు ఉండడు. మాలో ఒకరు ప్రైవేట్ కీ (వాలెట్ అసలు తాళంచెవి) ఉన్న ఫైల్‌ని కోడ్‌తో పాటే, అందరూ చూడగల గిట్‌హబ్ సైట్‌లో పెట్టేశారు. అది టెస్ట్ వాలెట్ కాబట్టి పోయిందేమీ లేదు. కానీ తీసేసిన తర్వాత కూడా గిట్ పాత పేజీల్లో ఆ కీ అలాగే ఉంటుందని అప్పుడు తెలిసింది. ఒకసారి బయటపడిన కీని తుడిచి లాభం లేదు, వాలెట్ మార్చాల్సిందే.

ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. రిక్రూటర్‌నని పరిచయం చేసుకుని, ఇంటర్వ్యూ పరీక్ష పేరుతో ఒక ప్రాజెక్టు పంపి నడపమంటారు. నడిపితే కంప్యూటర్‌లోని వాలెట్లు ఖాళీ. కొన్నేళ్లుగా ఇది ముఠాలు పద్ధతి ప్రకారం చేస్తున్న పని. ఎవరో పంపిన కోడ్‌ని చదవకుండా నడపకండి. చదవడం వచ్చాక అది పెద్ద పని కాదు.

ఈ రంగంలో ఉద్యోగాలు మార్కెట్‌తో పాటే పెరిగి తగ్గుతాయి. 2022 మే నెలలో టెర్రా అనే క్రిప్టో నాణెం, నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి కూలాక చాలా కంపెనీలు మనుషుల్ని తీసేశాయి. అందుకే మొదళ్ల మీద అంత పట్టు పట్టేది. పైథాన్, గిట్, వెబ్, టెస్టులు వచ్చినవాళ్లకి ఈ తలుపు మూసుకున్నా పక్క తలుపు ఉంటుంది. అన్ని బ్లాక్‌చెయిన్‌లూ క్రిప్టో మార్కెట్‌తో ముడిపడినవీ కావు. కేంద్ర ఐటీ శాఖ 2024 సెప్టెంబరులో మొదలుపెట్టిన విశ్వస్య అనే బ్లాక్‌చెయిన్ వేదిక భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లోని ఎన్‌ఐసీ (ప్రభుత్వ ఐటీ సంస్థ) డేటా సెంటర్ల మీద నడుస్తుంది. అలాంటి చోట్ల లోపలికి ఎవరు రావాలో ముందే నిర్ణయించిన చెయిన్లు ఉంటాయి, గో, జావా వంటి భాషలు వాడతారు. సొలానా అనే మరో బ్లాక్‌చెయిన్ వైపు వెళ్తే రస్ట్ భాష. మొదటి భాష గట్టిగా వచ్చినవాళ్లకి రెండోది వారాల పని.

నా కాంట్రాక్ట్ ఖాళీ అయిన ఆదివారం

2016 జూన్ 17న ది డావ్ అనే ఉమ్మడి నిధి నుంచి సుమారు 36 లక్షల ఈథర్ బయటికి పోయింది. దాన్ని వెనక్కి తేవడానికి జులై 20న ఎథీరియం చరిత్రనే దారి మళ్లించారు, ఒప్పుకోనివాళ్లు పాత దారిలోనే ఉండిపోయి దాన్ని ఎథీరియం క్లాసిక్ అన్నారు. ఇంతకీ లోపం రెండు లైన్ల వరసలో ఉంది. డబ్బు ముందు ఇచ్చి, పద్దు తర్వాత రాశారు.

ఆ పాఠం రోజున డబ్బు వేసి తీసుకునే చిన్న కాంట్రాక్ట్ ఒకటి కావాలనే ఆ వరసలో రాసి సెపోలియాలో పెట్టాను. అందులో మా మిగిలిన ముగ్గురి 0.05 టెస్ట్ ఈథర్ ఉంది. అకౌంట్స్ అక్క 0.01 వేసింది, తన వాలెట్ పేరు మీద కాక, తను రాసిన ఇంకో కాంట్రాక్ట్ పేరు మీద. తీసుకోవడానికీ ఆ కాంట్రాక్ట్‌నే పంపింది. నా కాంట్రాక్ట్‌లో డబ్బు ఉన్నంతవరకూ, అందగానే మళ్లీ అడగడం తప్ప దానికి వేరే పని లేదు. నా కోడ్ డబ్బు ఇచ్చి, పద్దు పుస్తకం తెరవబోయేలోపు అది రెండోసారి చెయ్యి చాపింది. పుస్తకంలో ఇంకా 0.01 ఉన్నట్టే ఉంది కాబట్టి నా కోడ్ మళ్లీ ఇచ్చింది. ఆరుసార్లు అలా ఇచ్చింది. ఒక్క లావాదేవీలో 0.06 మొత్తం అక్క దగ్గరికి చేరింది.

"క్యాషు ఇచ్చాక వోచరు రాస్తారా అన్నా ఎవరైనా?" అన్నాడు మాలో చిన్నవాడు నా వైపు చూసి. ఆ మాట వాడికి నేర్పింది అక్కే.

రెండు లైన్లు అటూ ఇటూ మార్చి, పద్దు ముందు సున్నా చేసి, డబ్బు తర్వాత పంపేలా మళ్లీ డిప్లాయ్ చేశాను. మా ముగ్గురి 0.05 మళ్లీ వేశాం. అక్క తన కాంట్రాక్ట్ పేరు మీద మళ్లీ 0.01 వేసి, దాన్నే పంపింది. ఈసారి లావాదేవీ విఫలమైంది, గ్యాస్ మాత్రం ఖర్చయింది. డల్లాస్‌లో అప్పటికి అర్ధరాత్రి దాటింది. స్నేహితురాలు ఫోన్ పెట్టేయలేదు. గ్యాస్ ఎందుకు పోయిందో కూడా తేలాలంది.